రాయి కింద ఉన్నాడు

మా మావయ్య అబద్ధాలాడని మనిషేం కాదు. ఇంటికి ఆలస్యంగా వస్తే సైకిల్ గాలి పోయిందనేవాడు. అత్తయ్య కుట్టిన చొక్కా చంకల్లో పట్టేస్తున్నా హాయిగా ఉందనేవాడు. అలాంటివి అందరం ఆడతాం. ఆడినచోటే ఆవిరైపోతాయి. కానీ ఆయన ఆడిన అబద్ధాల్లో ఒక్కటి మాత్రం అచ్చయింది. అచ్చయి, నాలుగు దేశాల లైబ్రరీల్లో అట్ట కట్టించుకుని కూర్చుంది. అది ఒక చేప గురించి ఆడిన అబద్ధం.

మావయ్య నది చేపల పరిశోధన కేంద్రంలో అటెండరు. ఇరవై రెండో ఏట సీసాలు కడిగే పనికి చేరాడు, అరవయ్యో ఏట అక్కడే రిటైరయ్యాడు. మా అమ్మకి ఊళ్ళు తిరిగే నర్సు ఉద్యోగం. నాకు తొమ్మిదేళ్ళప్పుడు "అన్నయ్యా, కొన్నాళ్ళు చూసుకో" అని నన్ను ఆయన దగ్గర వదిలింది. ఆ కొన్నాళ్ళు నా పెళ్ళి దాకా సాగాయి. మావయ్యకీ అత్తయ్యకీ పిల్లల్లేరు. రెండు గదుల మేడ మీది ఇల్లు. ముందు గదిలో కిటికీ కింద అత్తయ్య కుట్టు మిషను, దాని పక్కన నా పుస్తకాలు, తలుపు వెనక మావయ్య రబ్బరు బూట్లు. ఆ బూట్లలో ఎడమదానికి చిల్లు. అందుకే ఆయన ఎడమ మేజోడు ఎప్పుడూ తీగ మీద ఆరుతుండేది.

చచ్చిన చేపలు కుళ్ళకుండా ఫార్మలిన్ అనే మందులో వేస్తారు. ఆ వాసన మావయ్య చొక్కాలకి, దుప్పటికి, చివరికి దువ్వెనకి కూడా పట్టింది. అత్తయ్య అనేది, "మీతో కాపురం చేసి నేను లాభపడ్డాను లెండి. వందేళ్ళయినా చెక్కుచెదరను." ఆయన నవ్వేవాడు. వేళ్ళ చివర్ల చర్మం ఉల్లిపొరలా లేచిపోయి ఉండేది. నాకు జడ వేయడానికి ప్రయత్నిస్తే ఆ గరుకుకి వెంట్రుకలు చిక్కుకునేవి.

సెలవు రోజుల్లో నేనూ ఆయన వెంట చేపల గదికి వెళ్ళేదాన్ని. గోడ పొడుగునా సిమెంటు తొట్లు, మధ్యలో గాజు తొట్లు, గాలి కొట్టే యంత్రం గుడగుడ, నేలంతా తడి. నీళ్ళు మార్చడం, వానపాములు తరిగి వేయడం, మార్చిన తేదీ రిజిస్టర్లో రాయడం ఆయన పని. దాంతోపాటు నదికి వెళ్ళి చేపలు పట్టి తేవడం. నీళ్ళలో నడుం వంచి, సన్నటి కాళ్ళ మీద గంటలకొద్దీ కదలకుండా నిలబడతాడని ఆఫీసులో ఆయనకి "కొంగ" అని పేరు పెట్టారు. పెద్ద ఆఫీసర్లు కూడా "ఒరేయ్ కొంగా, ఆ ట్రే ఇలా పట్రా" అనేవాళ్ళు. ఆయనేం అనుకునేవాడు కాదు. అనుకోడనే నేను అనుకున్నాను.

నాకు పన్నెండేళ్ళప్పుడు ఆ కేంద్రానికి మేడమ్ వచ్చింది. చదువు ముగించుకుని, ఒక చేప మీద పరిశోధనకి వచ్చిన మనిషి. ముప్ఫై దాటి ఉండవు. మొదటి రోజే మావయ్య బల్ల తుడుస్తుంటే లేచి నిలబడి, "మీరు కూర్చోండి. నాకు ఈ నది గురించి ఏమీ తెలీదు. మీరే చెప్పాలి" అందట.

ఆ సాయంత్రం మావయ్య అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి, "నన్ను 'మీరు' అందే" అన్నాడు.

"ఎవరు?" అంది అత్తయ్య.

"కొత్తావిడ. మీరు, కూర్చోండి అంది."

"కూర్చున్నారా మరి?"

"లేదు. బల్ల తడిగా ఉంది."

ఇప్పుడు తలుచుకుంటే, జరిగినదంతా ఆ ఒక్క మాట దగ్గరే మొదలైందనిపిస్తుంది.

మేడమ్ పరిశోధించే చేప పేరు జాలర్ల నోట బండమూతి. వేలెడంత ఉంటుంది. ఒంటికి మించిన తల, గోధుమరంగు మీద బురద మచ్చలు, విసనకర్రల్లాంటి పక్క రెక్కలు. మిగతా చేపలకి కడుపులో ఉండే గాలి తిత్తి దీనికి లేదు. అందుకని తేలలేదు. ఈదినా రెండు జానలు ఈది రాయిలా అడుగున పడుతుంది. వలలో పడితే జాలర్లు విసుక్కుని ఒడ్డున పారేసేవాళ్ళు. ఎవరూ తినరు, ఎవరూ కొనరు. మా పాత వంతెన కింద మోకాలిలోతు నీళ్ళు గులకరాళ్ళ మీద పరుగెత్తే చోటు ఒకటుంది, ఫర్లాంగు పొడుగు. బండమూతి ఉండేది అక్కడే. పైన ఎక్కడో కొండల్లో ఇంకో చోట ఉందనేవాళ్ళు కానీ చూసినవాళ్ళు లేరు.

మేడమ్‌కి నెలకి పది చేపలు కావాలి. ఏ నెలలో గుడ్లు కడుపులో ఎంత ఉన్నాయి, ఏం తింటున్నాయి, ఎంత పెరిగాయి అని కోసి చూడాలి. మామూలు నెలల్లో మావయ్య పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా వంగితే నాలుగో ఐదో దొరికేవి. రాయి కదిపీ కదపకముందే తుర్రుమని ఇంకో రాయి కిందకి దూరిపోయేవి. చలి తగ్గి నీళ్ళు కాస్త వెచ్చబడే మూడు నెలలు మాత్రం విచిత్రంగా ఉండేది. కొన్ని రాళ్ళు లేపితే కింద చేప కదిలేదే కాదు. తల నల్లగా మసి పూసినట్టు, ఒళ్ళు చిక్కి, అక్కడే కూర్చునేది. వేలితో నెట్టినా జరిగి మళ్ళీ అక్కడికే వచ్చేది. ఆ రాయి అడుగువైపు పసుపు పూసల్లాంటి గుడ్లు అతుక్కుని ఉండేవి. అలాంటి రాళ్ళు వెతుక్కుంటే వల కూడా అక్కర్లేదు. చేత్తో తీసి బకెట్లో వేసుకోవడమే.

మొదటి ఏడాది ఆ నెలల్లో మావయ్య ఒక్క పొద్దుటే ఇరవై ఆరు చేపలు తెచ్చాడు. తెల్ల ట్రేలో వరసగా పడుకోబెట్టాడు. మేడమ్ చూసి రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుంది.

"ఎలా పట్టారండీ ఇన్ని? మంత్రం ఏమైనా వేశారా?"

"చెయ్యి తిరిగింది మేడమ్," అన్నాడు మావయ్య. ఎలా పట్టాడో మాత్రం చెప్పలేదు.

ఆ చేపల్లో కొన్నిటి కడుపు కోస్తే గుడ్లు బయటపడ్డాయి. మింగిన గుడ్లు. "అదన్నమాట సంగతి," అంది మేడమ్. "రాళ్ళ కింద గుడ్లు తినడానికి చేరుతున్నాయి." మావయ్యకి అది నచ్చింది. గుడ్లదొంగల్ని పట్టుకుంటున్నాననుకున్నాడు. చేపని తీసుకున్నాక రాయిని ఎలా ఉన్నదలా, గుడ్లు కిందికే ఉండేలా, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు పెట్టి వచ్చేవాడు. ఆ గుడ్లకి తను మేలు చేస్తున్నాననే ఆయన నమ్మకం.

రెండో ఏడాది అదే కాలంలో మేడమ్ ఒక సంగతి పట్టింది. తెచ్చినవన్నీ మగవే.

"ఆడవి ఒక్కటీ రాలేదేమండీ? వాటి కోసం వెతికారా?"

వెతకలేదు. ఆడవి మామూలుగానే తుర్రుమనే రకం. ఒక్కోదానికి గంట పడుతుంది. మావయ్యకి అప్పటికే మోకాళ్ళు పట్టేస్తున్నాయి. పైగా కదలని చేపలు దొరుకుతుంటే కదిలేవాటి వెంట ఎవరు పడతారు? ఆ మాట చెబితే తన చేతి నైపుణ్యం గుట్టు కాస్తా బయటపడుతుంది. ట్రే అంచు తుడుస్తూ, తలెత్తకుండా అన్నాడు:

"వెతికాను మేడమ్. ఈ నెలల్లో ఆడవి లోతుకి పోతాయి. మడుగుల్లోకి."

"మీరు చూశారా?"

"చూశాను."

మేడమ్ పుస్తకంలో రాసుకుంది. ఆవిడ పెన్ను కాగితం మీద పోతున్న చప్పుడు తనకి వినిపించిందని చాలా ఏళ్ళ తర్వాత మావయ్య నాతో అన్నాడు.

మూడో ఏడాది ఒక చిన్న ప్రమాదం జరిగింది. నీళ్ళలో నాచు రాయి మీద కాలు జారి మావయ్య కూలబడ్డాడు. బకెట్ తిరగబడింది. అప్పుడే పట్టిన చేప అందులోంచి బయటపడింది. పారిపోవాల్సింది పోయి, అది అడుగున పాకుతూ పాకుతూ ఇందాక తను ఉన్న రాయి కిందికే వెళ్ళింది. మావయ్య తడిసిన బట్టలతో అలాగే కూర్చుని చూశాడు. దొంగయితే పారిపోవాలి కదా. చావు తప్పించుకున్నది మళ్ళీ తిండి కోసం అదే చోటికి వస్తుందా?

ఆ రోజుల్లో మేడమ్ వాళ్ళమ్మగారికి ఒంట్లో బాగాలేక రెండు నెలలు సెలవు మీద ఉంది. అడిగేవాళ్ళు లేరు. మావయ్య ఆ రాయిని, చేపని కలిపి నీళ్ళ తొట్టెలో పెట్టి, సైకిల్ వెనక కట్టుకుని, నడిపించుకుంటూ చేపల గదికి తెచ్చాడు. మర్నాడు గుడ్లున్న ఇంకో రాయి తెచ్చి పక్క తొట్టిలో పెట్టాడు. దాని చేప అప్పటికే సీసాలో ఉంది.

చేప లేని తొట్టిలో నాలుగో రోజుకి గుడ్లకి తెల్లగా దూదిలాంటి బూజు పట్టింది. వారానికి గుత్తి మొత్తం రాలిపోయింది.

చేప ఉన్న తొట్టిలో సంగతి వేరు. అది గుడ్ల కింద వెల్లకిలా ఒరిగినట్టు నిలబడి, పక్క రెక్కలతో విసురుతూనే ఉంది. పొద్దున చూసినా అంతే, గది తాళం వేసేటప్పుడు చూసినా అంతే. వానపాము ముక్క వేస్తే ముక్కు ముందు పడినా ముట్టలేదు. ఒక గుడ్డు చచ్చి తెల్లబడితే మాత్రం దాన్ని తుంచి మింగింది. పక్క గుడ్లకి బూజు అంటకుండా. కడుపులో దొరికిన గుడ్ల కథ అది. మావయ్య గాజుకి చెవి ఆనించి వింటే లోపల టక్ టక్ మని చప్పుడు. ఇంకో చేపని దగ్గరికి వదిలితే అలా తలతో చప్పుడు చేసి తరిమేసింది. పన్నెండో రోజుకి ప్రతి గుడ్డులో రెండు నల్ల చుక్కలు, కళ్ళు. ఇరవై మూడో రోజుకి పిల్లలు పుట్టాయి. వెంట్రుక ముక్కల్లా రాయి చుట్టూ కదిలాయి.

అది తల్లి కాదు. మగ చేప. ఆడది గుడ్లు పెట్టి తన దారిన పోతుంది. ఆపైన అంతా తండ్రే.

మావయ్యకి ఆ రోజు ఏం తెలిసిందో మీకు తెలిసింది. రెండేళ్ళుగా, ఆ మూడేసి నెలల్లో తను చేత్తో తీసినవన్నీ గుడ్లు కాస్తున్న తండ్రులే. అందుకే పారిపోలేదు. తను జాగ్రత్తగా తిరిగి పెట్టిన ప్రతి రాయి కింద వారం తిరక్కుండా బూజు.

మేడమ్ తిరిగి వచ్చింది. వచ్చిన రోజు మావయ్య చెప్పాలనుకున్నాడు. వాళ్ళమ్మగారు పోయారని తెలిసి, ఇప్పుడెందుకులే అనుకున్నాడు. వారం తర్వాత చెప్పాలనుకున్నాడు. చెబితే, "ఆడవి లోతుకి పోవడం చూశానన్నారుగా?" అని అడుగుతుంది. తనని మీరు అన్న ఒకే ఒక్క ఆఫీసరు ముందు అబద్ధాలకోరుగా నిలబడాలి. నెల తర్వాత ఇక చెప్పే సందర్భమే రాలేదు.

నాలుగో ఏడాది వేరే సంస్థ వాళ్ళు అరవై బండమూతులు కావాలని రాశారు. ఇస్తే వాళ్ళిచ్చే డబ్బుతో మేడమ్ పరిశోధన ఇంకో ఏడాది సాగుతుంది. ఆవిడ మావయ్యని పిలిచి, "కష్టమైతే చెప్పండి, వద్దని రాసేస్తాను" అంది.

అదే సందర్భం. కావాలంటే అప్పుడు చెప్పొచ్చు. మావయ్య "కష్టం ఏముంది మేడమ్" అన్నాడు.

రెండు పొద్దుల్లో అరవై తెచ్చాడు. "మొదటి రాయి లేపినప్పుడు చెయ్యి వణికిందే," అని చెప్పాడు నాతో. "వేలు పెడితే ఆ చేప నా వేలిని తలతో పొడిచింది. తరిమేయడానికి. దాని తలెంత, నా వేలెంత. అయినా తీశాను. పదో రాయికి వణకడం మానేసింది."

ఐదో ఏడాది మేడమ్‌కి ప్రమోషన్ మీద వేరే ఊరు బదిలీ అయింది. వెళ్ళేముందు మావయ్య చేతిలో ఒక పరిశోధన పత్రిక పెట్టింది. తన వ్యాసం అందులో అచ్చయింది. నేనప్పుడు కాలేజీలో చేరాను. మావయ్య చదువు ఆరో తరగతి. ఆ మాటలు ఆయనకి కొరుకుడు పడవు. రాత్రి భోజనాలకి ముందే నన్ను కూర్చోబెట్టి చదవమన్నాడు. ఒక్కో వాక్యం చదివి అర్థం చెబుతున్నాను. "ఈ చేప తన జాతి గుడ్లనే తింటుంది. గుడ్లు పెట్టే కాలంలో ఆడచేపలు లోతైన మడుగుల్లోకి వలస పోతాయి" అనేదాకా వచ్చాను.

"ఇంకోసారి చదువు," అన్నాడు.

చదివాను.

"పోతాయేమో అని ఉందా, పోతాయి అని ఉందా?"

"పోతాయి అనే ఉంది మావయ్యా."

"చివర్లో నా పేరు ఉందన్నారు మేడమ్."

ఉంది. నీళ్ళలో దిగి చేపలు సేకరించిన నేర్పరికి కృతజ్ఞతలు అని, పేరుతో సహా. అత్తయ్య మిషను ఆపి, "ఏదీ, ఏదీ?" అని వేలు పెట్టి చూసింది. చదవడం రాకపోయినా ఆ అక్షరాల్ని తడిమింది. అటు మావయ్య లేచి మెట్ల మీదకి పోయి కూర్చున్నాడు. సంతోషం పట్టలేకపోయాడని మేమిద్దరం అనుకున్నాం.

ఆ ఏడాది వంతెన కింద గుడ్లున్న రాళ్ళు తొమ్మిదే దొరికాయట. మరుసటేడు మూడు. ఆ పైఏడు ఏమీ లేవు. మావయ్య ప్రతి ఏడూ ఆ మూడు నెలల్లో వెళ్ళి చూసేవాడు. బకెట్ లేకుండా వెళ్ళేవాడు. ఆఫీసు పని కాదు, ఎవరూ పంపలేదు. వాన లేని రోజు చెప్పులు వేసుకుని, పంట్లాం మడిచి, పొద్దున్నే. అత్తయ్య అడిగితే, నడక మంచిదన్నారంటూ ఎవరో డాక్టరు పేరు చెప్పేవాడు. తర్వాత కొన్నాళ్ళకి కంకర లారీలు వంతెన కిందికి దిగాయి. ఊళ్ళో మురుగు గొట్టం కూడా అక్కడే కలిపారు. రాళ్ళే లేకుండా పోయాక ఆయన వెళ్ళడం మానేశాడు.

ఇదంతా మాకు తెలిసింది ఆయన రిటైరైన మరుసటేడు. నాకప్పటికి పెళ్ళై అదే ఊళ్ళో పక్క వీధిలో ఉంటున్నాను. వంతెన పక్కన ఎవరో కొత్త బోర్డు పెట్టారు. బండమూతి బొమ్మ, కింద "ఈ నదిలో ఒకప్పుడు బతికిన చేప" అని పెద్దక్షరాలు. సాయంత్రం నడకకి వెళ్ళిన మావయ్య ఆ బోర్డు చదివి వచ్చాడు. అది మామూలు భాషలోనే ఉంది. గుడ్లు తినే చేప, ఆడవి లోతుకి వలస పోతాయి. బడి పిల్లలు బోర్డు ముందు నిలబడి నోట్సు రాసుకుంటున్నారట.

"వాళ్ళు రాసుకుంటున్నారే," అన్నాడు నాతో. కుర్చీలో కూర్చోకుండా గోడకి ఆనుకుని నిలబడ్డాడు. "నేను బల్ల తుడుస్తూ అన్న మాట వాళ్ళు రాసుకుంటున్నారు."

ఆ సాయంత్రం మొత్తం చెప్పాడు. మధ్యలో ఆపలేదు. చెప్పడం అయ్యాక అత్తయ్య అంది, "ముప్ఫై ఏళ్ళు పైబడిన కాపురం. ఒక్కసారి నాతో అంటే నేనేం ఉరి తీసేదాన్నా?"

"నీతో అంటే నిజమైపోతుందని," అన్నాడు మావయ్య.

మర్నాడు నాతో మేడమ్‌కి ఉత్తరం రాయించాడు. నేను కాస్త నాజూకుగా రాయబోతే ఒప్పుకోలేదు. "పొరపాటు పడ్డాను అని రాయకు. అబద్ధం చెప్పాను అని రాయి. మొదటి రెండేళ్ళు తెలీక తీశాను, నాలుగో ఏడు తెలిసి తీశాను అని రాయి." ఆ నాలుగో ఏడు మాట దగ్గర ఆగి, నీళ్ళు తాగి మళ్ళీ చెప్పాడు.

మూడు వారాలకి జవాబొచ్చింది. నాలుగు పేజీలు. మేడమ్ కూడా రిటైరు కాబోతోంది. ఒక చోట ఇలా రాసింది: "మీరు నన్ను మోసం చేశారన్న బాధ లేదని అనను, ఉంది. కానీ ఇరవై ఆరు మగచేపలు ఒకే ట్రేలో పడుకుని ఉన్నాయి. అన్నిటి తలలూ నలుపే, అన్నిటి ఒళ్ళూ చిక్కినవే. ఎందుకని అడగాల్సింది నేను. చదువుకున్నది నేను. ఆ కాలంలో ఒక్కసారి మీతో నీళ్ళలోకి దిగి ఉంటే సరిపోయేది. దిగలేదు, నీళ్ళు చల్లగా ఉంటాయని." మిగతా పేజీలన్నీ ప్రశ్నలు. ఎన్నో రోజుకి కళ్ళు కనిపించాయి, ఎన్నో రోజుకి పిల్లలయ్యాయి, తేదీలు ఎక్కడైనా ఉన్నాయా?

తేదీలు ఉంటే నీళ్ళు మార్చిన రిజిస్టర్లోనే ఉండాలి. నేనూ మావయ్యా కేంద్రానికి వెళ్ళాం. అక్కడి గుమాస్తా, "పాత పుస్తకాలు సగం చెదలు తిన్నాయి, సగం నేను తినలేక వదిలేశాను" అని నవ్వుతూ స్టోరు గది తాళం ఇచ్చాడు. ముక్కులకి గుడ్డలు కట్టుకుని రెండు రోజులు వెతికాం. దొరికింది.

తేదీ, తొట్టి నంబరు, నీళ్ళు మార్చాను, సంతకం. ప్రతి పేజీ అలాగే. ఆ ఏడాది ఆ నెలలో మాత్రం ఐదో నంబరు తొట్టి పక్కన చిన్నక్షరాలతో ఒక మాట అదనంగా ఉంది. "ఉన్నాడు." మర్నాడు, "ఉన్నాడు." ఆ మర్నాడు, "ఉన్నాడు. తినలేదు." చేపని ఎవరైనా ఉంది అంటారు. మావయ్య మాట్లాడేటప్పుడు కూడా అది, ఇది అనే అనేవాడు. రిజిస్టర్లో మాత్రం ఇరవై మూడు రోజులూ "ఉన్నాడు" అని రాశాడు. పన్నెండో రోజు "కళ్ళు". ఇరవై మూడో రోజు "పిల్లలు". ఆ తర్వాత ఏమీ లేదు.

నేను వేలు ఆ ఖాళీ గడి మీద పెట్టి అడిగాను. "తర్వాత దాన్ని ఏం చేశావు మావయ్యా? నదిలో వదిలావా?"

ఆయన గుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"సీసాలో వేశాను."

"పిల్లలైన తర్వాతా?"

"ఆ నెల పదికి ఒకటి తగ్గింది. మేడమ్ వచ్చాక అడుగుతారని." రిజిస్టరు మూసి అన్నాడు, "పిల్లల్ని మాత్రం నదిలో పోసి వచ్చాను. బతికాయో లేదో."

ఇంటికి వచ్చే దారిలో ఆయన ముందు నడిచాడు. రిజిస్టరు నా సంచిలో ఉంది. వీధి మలుపులో ఆగి, సంచి తనకిమ్మని తీసుకుని, భుజానికి తగిలించుకున్నాడు.

మేడమ్ ఆ తేదీలతో అరపేజీ సవరణ రాసి అదే పత్రికకి పంపింది. తన పేరు పక్కన మావయ్య పేరు పెట్టింది, సమానంగా. పత్రిక ఇంటికి వచ్చిన రోజు నేను గట్టిగా చదివి వినిపించాను. "గుడ్లను కాచేది మగచేప. వెనకటి వ్యాసంలో ఆడచేపల వలస గురించి రాసిన మాటకి ఆధారం లేదు." మావయ్య విన్నాడు. బాగుంది అన్నాడు. కాసేపటికి, "ఇప్పుడు చదివి ఎవరేం చేస్తారే? కాచేవాడు లేడుగా" అన్నాడు.

నేను ఓదార్చబోయాను. "కంకర లారీలు, మురుగు గొట్టం... నీ ఒక్కడి వల్లేనా మావయ్యా? మేడమ్ కూడా అదే రాశారు."

"లారీలు తర్వాత వచ్చాయి. ముందు కొంగ వచ్చింది," అన్నాడు.

ఆయన నోటి నుంచి ఆ పేరు నేను వినడం అదే మొదలు.

బోర్డు సంగతి అడగడానికి నేను ఆఫీసుల చుట్టూ తిరిగాను. అది వేరే శాఖ పెట్టిన బోర్డట. ఆ శాఖ వాళ్ళు పై ఆఫీసుకి రాయమన్నారు. రాశాను, మళ్ళీ రాశాను. బోర్డు మారలేదు.

సవరణ చదివి ఇద్దరమ్మాయిలు మా ఇంటికి వచ్చారు. అక్కాచెల్లెళ్ళలా ఉన్నారు కానీ కాదు, ఒకే ల్యాబ్‌లో పరిశోధన చేస్తున్నారు. కొండల్లో నది పుట్టే చోట బండమూతి ఇంకా మిగిలి ఉందేమో వెతకబోతున్నారు. "మీరు మాతో వస్తే మాకు కొండంత బలం బాబాయ్‌గారూ. జీపు ఉంది, మీరు నీళ్ళలో దిగక్కర్లేదు, ఒడ్డున కూర్చుని చెబితే చాలు" అన్నారు.

మావయ్యకి వెళ్ళాలని ఉంది. ఆయన ముఖం చూస్తే తెలుస్తోంది. అత్తయ్య అప్పుడే లోపలికి పోయి ఉన్ని చొక్కా వెతకడం మొదలుపెట్టింది.

"నేను రానమ్మా," అన్నాడు.

"ఆరోగ్యం గురించైతే..."

"ఆరోగ్యం కాదు. ఒకవేళ ఉందనుకోండి. రాయి కింద కదలకుండా కూర్చుని ఉందనుకోండి. నా చెయ్యి అలవాటు మీకు తెలీదు."

వాళ్ళు నవ్వబోయి ఆగిపోయారు. ఆ తర్వాత రెండు గంటలు ఆయన వాళ్ళకి చెప్పాడు. ఎలాంటి రాయి అయితే కింద చోటు ఉంటుంది, నీళ్ళు ఎంత వేగంగా పోతుంటే ఇష్టం, తల ఎప్పుడు నల్లబడుతుంది. రాయి అసలు లేపొద్దన్నాడు. పళ్ళ డాక్టర్ల దగ్గర పొడుగు కాడకి చిన్న అద్దం ఉంటుంది కదా, అలాంటిది పక్క నుంచి దూర్చి చూడమన్నాడు. వాళ్ళకి ఆ ఆలోచన రాలేదట. రాసుకున్నారు. వాళ్ళ పెన్నుల వంక చూస్తూ, "ఇది నేను చేసి చూసింది కాదు, ఊహ మాత్రమే. అలాగని రాసుకోండి" అన్నాడు.

మూడేళ్ళు వెతికారు, మూడుసార్లూ ఆ వెచ్చబడే నెలల్లోనే. మూడో ఏడాది చివర్లో ఇద్దరూ వచ్చి చెప్పారు. దొరకలేదు. దగ్గరి చుట్టం లాంటి ఇంకో చేప దొరికింది కానీ అది ఇది కాదు. మావయ్య అప్పటికి బాగా తగ్గిపోయాడు. మంచం పక్కకి కుర్చీలు లాగి వాళ్ళని కూర్చోబెట్టాను.

"ఎన్ని రాళ్ళు చూశారమ్మా?" అని అడిగాడు.

"రెండు వేల పైన."

"తిరగేయలేదుగా?"

"ఒక్కటీ తిరగేయలేదండీ. అద్దంతోనే చూశాం."

ఆయన తల ఊపాడు. చాలాసేపు కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోయాడనుకుని వాళ్ళు లేవబోతుంటే కళ్ళు తెరిచి, ఆ ఇంకో చేప సంగతి అడిగాడు. దానికి గుడ్లు ఎవరు కాస్తారు అని. ఇంకా తెలీదండీ అన్నారు వాళ్ళు.

"తొందరపడకండి," అన్నాడు. "తెలిసేదాకా ఏమీ తీయకండి."

ఆ ఏడాది వానల్లోనే ఆయన పోయాడు. మేడమ్‌కి ఫోన్ చేసి చెబితే, ఆయన ఎప్పుడైనా తన ఎదురుగా కూర్చున్నారా అని అడిగింది. ఎంత ఆలోచించినా ఆవిడకి గుర్తు రావడం లేదట. నాకూ తెలీదని చెప్పాను.